కారుకి పోసిన బావి నీళ్ళు

ఆ రోజుల్లో మా ఇంట్లో కుళాయి నీళ్ళు తాగేవాళ్ళం నలుగురం. మా ఆయన, నేను, మా పెద్దపిల్ల, కారు. నలుగురిలోనూ పెద్దపీట కారుదే. ఈ మాట చెప్తే వినేవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను గానీ, చివరిదాకా నవ్వుతూ చెప్పడం ఇంతవరకూ నాకు చేతకాలేదు.

డెబ్భైల మధ్యలో మేము కంచరపాలెంలో, రైలు పట్టాలకి ఇవతల, రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. మాది గోదావరి జిల్లా. మా ఆయనకి పోర్టులో క్రేన్ల దగ్గర ఉద్యోగం వచ్చాక, పెళ్ళయిన ఏడాదికి నన్ను కాపురానికి తీసుకొచ్చారు. కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని, నీళ్ళకి కరువంటే ఏమిటో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వీధి చివరి కుళాయి తెల్లవారుజామున ఒక్క గంట వచ్చేది. ఎండాకాలమైతే రోజు విడిచి రోజు. మా దొడ్లో బావి ఉంది, దాన్నిండా నీళ్ళున్నాయి, కానీ ఉప్పు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున సున్నం పూసినట్టు తెల్లగా పొర కడుతుంది. అంట్లకీ బట్టలకీ బావి, వంటకీ తాగడానికీ కుళాయి. ఆ వాటాల్లో ఏ ఆడదాన్ని అడిగినా ఈ లెక్క చెప్పేది.

అలాంటి ఇంట్లోకి కారొచ్చింది. షిప్పింగు ఆఫీసులో పనిచేసిన పెద్దాయనొకరు ఊరొదిలి వెళ్ళిపోతూ, తన పాత ఇంగ్లండు కారుని మా ఆయనకి ఇచ్చేసి పోయారు. అప్పటికే దానికి పాతికేళ్ళు. బూడిదరంగు, ఉబ్బిన బుగ్గలు, ముందు జల్లెడలాంటి పెద్ద మూతి. చలికాలంలో ముందువైపు నించి హేండిల్ పెట్టి తిప్పితే గానీ కదిలేది కాదు. "కూర్చుంటే లేవదు, లేస్తే కూర్చోదు, మీ కారుకి మా మేనత్త పోలికలొచ్చాయి" అని నేను వేళాకోళం చేసేదాన్ని. మా ఆయన ఉడుక్కునేవారు. వీధిలో స్కూటరున్నవాళ్ళే ఇద్దరు ఉన్న రోజుల్లో, క్రేను ఆపరేటరుకి కారుండటమంటే మాటలా! ఆదివారం పొద్దున్న దాన్ని బయటికి తీసి తుడుస్తుంటే, దారినపోయేవాళ్ళు ఆగి చూసి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు ఆగడం కోసమే ఆయన ఇంకాస్త నెమ్మదిగా తుడిచేవారు.

కారుతోపాటు మా ఇంటికి ఇంకో మనిషీ వచ్చాడు. రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డులో మెకానిక్కు పని చేసేవాడు. విజయనగరం అవతల ఏదో పల్లె. పొలం చాలక ఊళ్ళోకి వచ్చి, పోర్టు లారీల దగ్గర పని నేర్చుకున్న మనిషి. మొదటిరోజే మా ఆయన్ని "ఏటి బావా, బండి మొండికేసిందా?" అని పలకరించాడు. మా వైపు వరస ఉంటేనే బావ. ఇక్కడ అలా కాదు, పక్కన నిలబడ్డ ప్రతి మగాడూ బావే. మా ఆయన మొదట్లో కాస్త బిగుసుకున్నారు గానీ, నెల తిరక్కుండా ఈయనా "బావా" అని పిలవడం మొదలుపెట్టారు. ఈ ఊళ్ళో మాకు చుట్టాలు లేరు. ఆ పిలుపుతో ఒక చుట్టం దొరికినట్టే అయింది. మా ఆయనకి బావ కాబట్టి, నేను ఆయనకి సెల్లెమ్మనయ్యాను, ఆయన నాకు అన్నయ్య అయ్యాడు. భార్యా పిల్లలూ పల్లెలోనే ఉండేవారు గనక ఆదివారం భోజనం మా ఇంట్లోనే.

ఆదివారం కారుకి తలంటు రోజు. అన్నయ్య పొద్దున్నే వచ్చి, బానెట్టు ఎత్తి, నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, మా గడప మీద పాత చీరముక్క పరిచి వరసగా పెట్టేవాడు. ఏది ఏ సిలిండర్లోదో ఆ వరస తప్పనిచ్చేవాడు కాదు. వంటింట్లో ఉన్న నన్ను కేకేసేవాడు.

"ఇలా రా సెల్లెమ్మా, ఈడి ముకం సూడు. బిస్కట్ రంగులో ఉన్నాడు. అంటే ఈడికి పెట్రోలూ గాలీ సమంగా అందతన్నాయి. పక్కనోడు మసి పూసుకున్నాడు సూసినావా? ఈడికి తిండెక్కువైపోతంది."

"నాకెందుకన్నయ్యా ఇవన్నీ?"

"ఎందుకేటి? ఇంట్లో ఉన్న మనిసికి తెల్దూ? మా బావకి సెప్తే బుర్రూపుతాడు గానీ, ఆడి సూపంతా రంగు మీదే. లోపలేటి జరగతందో ఆడికి అక్కరనేదు."

నవ్వుకుంటూ అన్న మాటే గానీ, మా ఆయన్ని అంత సరిగ్గా మరొకరు పట్టుకోలేదు. అన్నయ్య ప్లగ్గుల్ని పెట్రోల్లో నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, అరిగిపోయిన హాక్సా బ్లేడు ముక్కని వాటి కొసల మధ్య దూర్చి చూసేవాడు. బ్లేడు ముక్క పట్టీపట్టనట్టు జారితే ఆ ఎడం సరిపోయినట్టు. లేకపోతే చిన్న సుత్తితో తట్టేవాడు, ఉగ్గుపాల పిల్లని జోకొట్టినంత మెల్లగా. ఏడాది తిరిగేసరికి ప్లగ్గు రంగు చూసి ఇంజను సంగతి చెప్పడం నాకూ వచ్చేసింది. ఆ విద్య మళ్ళీ ఎక్కడా పనికిరాలేదు.

ప్లగ్గుల తరవాత రేడియేటరు. అప్పట్లో కూలెంట్ అనే మాట మేమెవరం వినలేదు. నీళ్ళే. ఆ నీళ్ళలో అన్నయ్య లేతు మిషన్ల దగ్గర వాడే నూనె రెండు మూతలు కలిపేవాడు. నీళ్ళలో పడగానే పాలలా తెల్లబడేది. లోపల తుప్పు పట్టదట. నెలకోసారి పాత నీళ్ళు వదిలేసి, ఒక బిందెతో కడిగి, ఇంకో బిందెతో నింపాలి. మధ్యలో రోజూ ఒక చెంబో రెండు చెంబులో పడుతుండాలి, ఎక్కడో సన్నగా కారిపోయేది. మొదటిరోజే అన్నయ్య రెండు గ్లాసులు తెప్పించి, ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో బావి నీళ్ళు పోయించాడు. ఒక్కోదాంట్లో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. రెండోది ఉమ్మేశాడు.

"బావి నీళ్ళు దీనికి ఇషం సెల్లెమ్మా. పైకేటీ కనపడదు. లోపల గొట్టాలన్నీ గార కట్టీసి, నీళ్ళు తిరగడం మానేత్తాయి. ఓ రోజు ఉన్నట్టుండి ఇంజను ఉడికిపోద్ది. ఏటి సేసినా కుళాయి నీళ్ళే పొయ్యాల."

ఆ క్షణం నించీ వరండా మూల ఒక రేకు డబ్బా వెలిసింది. కారు నీళ్ళ డబ్బా. దాన్ని నింపి ఉంచడం నా పని. ఈ పని నాదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ నన్ను అడగనూ లేదు. నీళ్ళు పట్టేది నేనే కాబట్టి నా నెత్తినే పడింది.

మొదటి రెండేళ్ళూ గొణుక్కుంటూనే నింపాను. మూడో ఏడు ఎండాకాలానికి నాకు ఏడో నెల. ఆ ఏడు ఎండలు మామూలుగా కాయలేదు. కుళాయి సన్నటి ధారగా వచ్చేది, బిందె నిండేలోపు వెనక నిలబడ్డవాళ్ళ సహనం నశించేది. ఒకరోజు వరసలో నా ముందు బిందె పెట్టిన మనిషితో పెద్ద గొడవైంది. ఆవిడ నా బిందెని కాలితో తన్నింది. నేను ఆవిడ జుట్టు పట్టుకోబోయాను. కడుపుతో ఉన్నదాన్నని ఎవరో నన్ను పక్కకి లాగారు. చివరికి రెండే రెండు బిందెలతో ఇంటికొచ్చి, గడపలో పెట్టి, నడుం పట్టుకుని కూలబడ్డాను.

మా ఆయన డ్యూటీకి తయారై బయటికొచ్చారు. రెండు బిందెలూ చూశారు. వరండా మూల డబ్బా చూశారు. అది ఖాళీ. ఒక బిందె ఎత్తి డబ్బాలో వంపేసి, "ఇవాళ మర్చిపోయినట్టున్నావు" అని వెళ్ళిపోయారు.

కోపిష్టి మనిషి కాదాయన. చెడ్డవాడూ కాదు. ఆ ఒక్క మాటా కసిరినట్టు కూడా అనలేదు, మామూలుగానే అన్నారు. నాకు అదే ఎక్కువ మండింది. ఆ పూట పిల్లకి గ్లాసుతో కొలిచి నీళ్ళిచ్చాను. సాయంత్రం డబ్బాలో నీళ్ళన్నీ తిరిగి వంటింట్లో బిందెలోకి పోసేసుకుని, బావిలో చేద వేసి, ఆ నీళ్ళతో డబ్బా నింపి, మూత పెట్టాను. తాగు, నువ్వూ తాగి చూడు ఈ ఊరి నీళ్ళు, అని కారుకేసి చూసి పైకే అన్నాను. నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తు.

అంతటితో ఆపి ఉంటే బాగుండేది. ఎండాకాలమైపోయింది, వానలు పడ్డాయి, కుళాయి మళ్ళీ బాగానే వచ్చింది. నాకు రెండోది పుట్టింది. అయినా డబ్బాలోకి బావి నీళ్ళే వెళ్ళాయి. వీధి చివరికి నడవక్కర్లేదు, దొడ్లో నాలుగు చేదలు తోడితే సరి. కోపంతో మొదలైన పని అలవాటైపోయింది, తరవాత బద్ధకమైపోయింది. పప్పు ఉడకని నీళ్ళు ఇంజనుకి ఎలా సరిపోతాయో ఒక్కరోజైనా ఆలోచించినదాన్ని కాదు. ఆలోచించకూడదనే ఆలోచించలేదేమో. ఇలా రెండేళ్ళు.

మొదటిరోజు తరవాత అన్నయ్య ఆ నీళ్ళని మళ్ళీ రుచి చూడలేదు. "సెల్లెమ్మ తెచ్చిన నీళ్ళకి రుసేటి సూత్తాం" అనేవాడు. కానీ కారు వేడెక్కడం ఎక్కువైందని కనిపెట్టాడు. ఒక ఆదివారం భోజనానికి కూర్చుని, మొదటి ముద్ద కలుపుతూ అడిగాడు.

"నీళ్ళు కుళాయివే గదా సెల్లెమ్మా?"

"కుళాయివే అన్నయ్యా" అన్నాను. తడుముకోలేదు. చేపల పులుసు ఇంకో గరిటె వేశాను.

ఆయన తలూపి అన్నం తిన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ శీతాకాలంలోనే మా ఆయన పైఆఫీసరు కూతురి పెళ్ళి సీతమ్మధారలో జరిగింది. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ మర్నాడు సింహాచలం కొండకి దర్శనానికి తీసుకెళ్ళాలి. మా కారులో తీసుకెళ్తానని మా ఆయన మాటిచ్చారు. వారం రోజులు ఆయన కాళ్ళు నేలమీద నిలవలేదు. ముందురోజు అన్నయ్య పొద్దున్నించి సాయంత్రం దాకా కారు కిందే ఉన్నాడు. ప్లగ్గులు శుభ్రం చేశాడు, ఇంజను పైమూతకి ఉండే హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించాడు, బెల్టు మార్చాడు. నేను డబ్బా తెచ్చి ఇస్తే రేడియేటరు నింపాడు. నా చేతుల్తో నేనే ఇచ్చాను.

కొండెక్కే దారిలో ముందు మా కారు, బంతిపూల దండలతో. వెనక పెళ్ళివారి వ్యాను. అందులో ఆడవాళ్ళతో పాటు చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను, వెనక సీట్లో అన్నయ్య. సగం కొండ ఎక్కామో లేదో, ముందు మలుపులో తెల్లగా పొగ లేచింది. మేము దిగి వెళ్ళేసరికి కారు దారికి అడ్డంగా నిలబడి బుసలు కొడుతోంది. పెళ్ళికూతురు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. పోర్టు ఆఫీసులో మా ఆయనకి తెలిసిన ప్రతి మొహమూ అక్కడే ఉంది. ఎవరో, "దండలు తీసి ఎద్దుకి వెయ్యండిరా, అదైతే కొండెక్కుతుంది" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన మొహం చూడలేకపోయాను.

పెళ్ళివాళ్ళు వ్యానెక్కారు. అందరూ ఎక్కితే చోటు చాలదు కాబట్టి కొందరం ఉండిపోయాం. అన్నయ్య ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఇంజను కాస్త చల్లారేదాకా ఆగి, తడి గోనెపట్టా వేసి రేడియేటరు మూత కొంచెం కొంచెంగా తిప్పాడు. ఆవిరంతా పోయాక ప్లగ్గులు విప్పాడు. మూడు ప్లగ్గులు ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగోది తోమిన గిన్నెలా తెల్లగా, శుభ్రంగా ఉంది. ఆ రంగుకి అర్థం నాకూ తెలుసు. హెడ్డు కింద ఉండే గాస్కెట్టు కాలిపోయి, నీళ్ళు సిలిండర్లోకి దిగాయి.

తరవాత అన్నయ్య రేడియేటరు మూతి లోపలికి వేలు పెట్టాడు. అంచు లోపల తెల్లటి గార, మా ఇంట్లో గిన్నెల అడుగున ఉండేలాంటిదే. గోటితో కొంచెం గీరి, నాలుక చివర పెట్టుకున్నాడు. తలెత్తి నాకేసి చూశాడు.

నేను చిన్నదాన్ని భుజం మీదికి ఎత్తుకున్నాను. అది ఏడవటం లేదు. అయినా జోకొట్టడం మొదలుపెట్టాను.

"ఏమైంది?" అన్నారు మా ఆయన. "చెప్పు, ఏమైంది?"

అన్నయ్య వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. "తప్పు నాదే బావా. నిన్న హెడ్డు బోల్టులు సరిగ్గా బిగించనేదు నాను."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మా ఆయన కడుపులో ఉన్న అవమానమంతా ఆ మనిషి మీద పడింది. చేతకాని పని చెయ్యడమెందుకన్నారు. లారీలు బాగుచేసే చేతులకి కారు ఇవ్వడం నాదే బుద్ధితక్కువన్నారు. నలుగురిలో నా పరువు తీశావన్నారు. అన్నయ్య తల వంచుకుని, విప్పిన ప్లగ్గుల్ని వరస తప్పకుండా గుడ్డ మీద సర్దుతూ విన్నాడు. ఆఖర్న మా ఆయన, "ఇకమీదట నన్ను బావా అని పిలవకు" అన్నారు. అప్పుడు మాత్రం అన్నయ్య చేతులు ఆగాయి.

నోరు తెరిస్తే సరిపోయేది. నాలుగే మాటలు, నేను ఇచ్చినవి బావి నీళ్ళు, అని. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇంటికెళ్ళాక చెప్దామనుకున్నాను. ఇంటికెళ్ళాక, ఆయన కోపం తగ్గాక చెప్దామనుకున్నాను. కోపం తగ్గాక, ఇప్పుడెందుకు మళ్ళీ రేపడం అనుకున్నాను. చెప్పకుండా ఉండటానికి మనిషికి కారణాలకి ఎప్పుడూ కరువు రాదు.

హెడ్డు చీలిపోయిందని, దాని సామాను ఈ దేశంలో దొరకదని ఇంకో మెకానిక్కు తేల్చాడు. కారు మా ఇంటి పక్కన టార్పాలిను కింద నాలుగేళ్ళు ఉంది. కోళ్ళు గుడ్లు పెట్టాయి. చివరికి పాత ఇనుముకి వెళ్ళిపోయింది. దాన్ని బండి మీదికి ఎక్కిస్తున్నప్పుడు మా ఆయన బయటికి రాలేదు.

కారు పోతే పోయింది. అసలు నష్టం అది కాదు. మా ఆయన ఆఫీసులో ఎవరితో మాట్లాడినా కొండ మీద సంగతి వచ్చేది. వస్తే, ఫలానా గేటు దగ్గర మెకానిక్కు చేసిన పని అనేవారు. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోలేదు, ఆ మనిషే ఒప్పుకున్నాడాయె. మెల్లగా పోర్టువాళ్ళ స్కూటర్లు ఆ షెడ్డుకి వెళ్ళడం మానేశాయి. బజారుకి పోయేటప్పుడు నేను ఆ గేటు దారిన కాకుండా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఒకసారి తప్పక అటు వెళ్ళాల్సి వస్తే, షెడ్డులో కార్లూ స్కూటర్లూ లేవు. అన్నయ్య నేలమీద కూర్చుని నీళ్ళ పంపు ఒకటి విప్పుతున్నాడు. కొంగు కప్పుకుని గబగబా దాటిపోయాను.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక మా ఆయనకి అక్కడ ఉద్యోగం దొరికింది. ఉక్కునగరంలో క్వార్టరిచ్చారు. సామాను సర్దుతుంటే మంచం కింద ఆ రేకు డబ్బా దొరికింది. అడుగంతా తెల్లగా గార. ఆ మధ్యాహ్నం పిల్లల్ని పక్కింట్లో వదిలి, గేటు దగ్గరికి వెళ్ళాను.

"రా సెల్లెమ్మా! ఎన్నాళ్ళకి! పిల్ల గుంటలు బాగున్నారా?" అని అన్నయ్య స్టూలు తుడిచి వేశాడు. జుట్టు నెరిసిపోయింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. ఆ నీళ్ళు బావివి, రెండేళ్ళు అవే పోశాను, నువ్వు అడిగితే అబద్ధమాడాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. "నాకు తెల్దేటి? ఆ రోజు కొండ మీద నాలిక్కి రాసుకున్నాను గదా" అన్నాడు.

"తెలిసి నీ మీద ఎందుకు వేసుకున్నావన్నయ్యా? ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పమంతావు? ఆ ఏల మా బావ ఉన్న కోపానికి, పదిమంది ముందూ నిన్ను ఏటనీసునో." చేతిలో పానా పక్కన పెట్టాడు. "ఏడో నెల కడుపుతో కుళాయి కాడ నిలబడ్డావు, దారంట పోతా సూసినాను. కారుకి ఏ నీళ్ళు పొయ్యాలో సెప్పినాం గానీ, ఆ నీళ్ళు ఎవులు మోత్తన్నారో అడగనేదు. మా బావా అడగనేదు, నానూ అడగనేదు. కారు మాది, మోత నీది. ఇంక తప్పెవులిదమ్మా?"

ఏడ్చేశాను. ఇవాళే మా ఆయనతో చెప్పేస్తానన్నాను.

"ఇప్పుడు సెప్పి ఏటి సేత్తావు? బండీ ఎల్లిపోయింది. కొత్త ఇంటికి ఎల్తన్నారు, మొగుడూ పెళ్ళాల మజ్జన తగువెందుకు? వద్దులే తల్లీ. కాపీ తాగుతావా?"

కాఫీ తాగాను. ఇంటికొచ్చాను. మా ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, అన్నయ్యే వద్దన్నాడు అనేదాన్ని. చేసిన తప్పుల్లో నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉండేది ఇదే. బావి నీళ్ళు పోసింది కోపంలో, కొండ మీద నోరు మూసుకుంది భయంతో. ఈసారి కోపమూ లేదు, భయమూ లేదు. అన్నయ్య మంచితనం నాకు అనువుగా ఉంది, వాడుకున్నాను.

ఉక్కునగరంలో కుళాయి తిప్పితే చాలు, నీళ్ళు. పొద్దునా రాత్రీ అని లేదు. మొదటి వారం నేను అనవసరంగా బిందెలన్నీ నింపి పెట్టుకునేదాన్ని, పిల్లలు నవ్వేవాళ్ళు. వంటింటి కుళాయి కింద చెయ్యి పెట్టినప్పుడల్లా, ఇప్పుడు కారు ఉంటే ఎన్ని బిందెలైనా పోద్దును కదా అనిపించేది. మా ఆయన షిఫ్టు నించి సైకిలు మీద వచ్చేవారు. కారు ఊసు ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

అక్కడికి వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, పోర్టులో ఆయనతో పనిచేసినాయన మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "అన్నట్టు, గేటు దగ్గర నీ మెకానిక్కు పోయాడు, కిందటి వారం. గుండె ఆగిందట" అన్నారు. వచ్చినాయన వెళ్ళేదాకా నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. వచ్చేసరికి మా ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మంచి పనివాడు" అన్నారు నాతో. "అంత మంచి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. పాపం, ఆ ఒక్క తప్పే చేశాడు."

"ఆ తప్పు ఆయనది కాదు" అన్నాను.

నిలబడే చెప్పాను, గేటు దగ్గర చెప్పినట్టే. డబ్బా, బావి, రెండేళ్ళు, అన్నం పెడుతూ ఆడిన అబద్ధం, గోటితో గీరిన గార. చెప్తున్నంతసేపూ ఆయన నాకేసి చూడలేదు. ఎదురుగా ఉన్న క్వార్టర్లో ఎవరో పూలమొక్కలకి గొట్టంతో నీళ్ళు పడుతున్నారు, అటే చూస్తూ కూర్చున్నారు. అంతా అయిపోయాక ఒక్క మాట అడిగారు.

"బావకి తెలుసా?"

కొండ దిగినప్పటినించీ ఆయన నోటివెంట ఆ మాట రాలేదు.

"తెలుసు" అన్నాను. "కొండ మీదే తెలుసు."

"నేను అవన్నీ అంటున్నప్పుడు?"

"అప్పటికే తెలుసు."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు సెలవు పెట్టి, పొద్దున్నే కంచరపాలెం బస్సెక్కారు. నన్ను రమ్మనలేదు. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పి, నేనిచ్చిన మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చున్నారు. ఎవరున్నారక్కడ అని నేనే అడిగాను.

పల్లె నించి అన్నయ్య భార్య వచ్చి షెడ్డులో సామాను సర్దుతోందట. ఆవిడ ఎప్పుడూ మా ఇంటికి రాలేదు, మమ్మల్ని చూడలేదు. ఈయన గుమ్మంలో నిలబడి, "నేనమ్మా, బావని" అన్నారట.

ఆవిడ ఈయన్ని పరకాయించి చూసి, "ఏ బావ బాబూ? ఆయనికి ఊరంతా బావలే గదా" అందట.

"మీరేం చెప్పారు?" అన్నాను.

"ఏం చెప్పను?" అన్నారు మా ఆయన.